అటకమీది నవలలు

మొన్నటి వేసవి సెలవులలో మా మేనకోడలు నాకొక పని యప్పగించెను. ఆమె యింటర్మీడియేటు ముగించి డిగ్రీలో చేరబోవుచున్నది. ఇంగ్లీషు కథలు వేగముగా చదువును; తెలుగున మాత్రము పాఠ్యపుస్తకము దాటి యేమియు చదివి యెరుగదు. "మామయ్యా, పాత తెలుగు కథలలో, నవలలలో చదువదగినవి పది పేర్లు వ్రాసి యిస్తావా?" అని యడిగెను. ప్రక్కనే కూర్చుండి వార్తాపత్రిక చూచుచున్న మా బావగారు తల యెత్తకయే, "మంచివి మాత్రమే వ్రాయవోయ్, ఆడపిల్ల చదవాల్సినవి" అనిరి.

పది పేర్లు వ్రాయుట యొక పూటలో ముగియవలసిన పని. నాకు మూడు వారములు పట్టినది. అడ్డము వచ్చినది బావగారన్న ఆ "మంచివి మాత్రమే" యను మాట. ఏ పుస్తకము పేరు వ్రాయబోయినను, దానిని ఒకానొక కాలమున ఎవరో ఒకరు మంచిది కాదని త్రోసివేసినట్లు జ్ఞప్తికి వచ్చుచుండెను. త్రోసినవారు తెలివిలేనివారు కారు. వారిలో సంస్కర్తలున్నారు, మహాపండితులున్నారు, దొరతనమువారున్నారు, ఇంటి పెద్దలున్నారు. నేనును ఉన్నాను, ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు ఆ పుస్తకముల చరిత్రము కొంత చెప్పవలెను.

నవల మనకు రాకపూర్వము వచనకథలు లేకపోలేదు. విక్రమార్కుని కథలు, పంచతంత్రము పంతుళ్ల చేతులమీదుగా అచ్చుకెక్కినవి. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో వచనమునకు ఒక కట్టుదిట్టమైన రూపు వచ్చినది. అయినను ఆ కథలలో మాటలాడునవి నక్కలు, ఎద్దులు, కాకులు. మన వీధిలో కాపురముండు మనుష్యులు తమ పెండ్లి ఖర్చులతోను, అప్పులతోను కథలోనికి వచ్చుట అటు తరువాతి మాట.

1872లో నరహరిసెట్టి గోపాలకృష్ణమసెట్టి "శ్రీరంగరాజ చరిత్రము" అచ్చువేయించెను. దేశజనుల ఆచారవ్యవహారములను తెలుపు గ్రంథములు కావలెనని గవర్నరు జనరలుగా నుండిన మేయో ప్రభువు కాలమున ప్రకటన వెలువడగా, దానిని చూచి యీయన కలము పట్టెను. రాజకుమారుడు లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయిని ప్రేమించుట ఇందలి కథ. ఆ దినములలో ఇది చిన్న సాహసము కాదు. కాని కథ ముగింపునకు వచ్చుసరికి సోనాబాయి పుట్టుకచే లంబాడీ పిల్ల కాదనియు, గొప్ప యింటి బిడ్డయే యనియు తేలును. రచయిత నదిలో మోకాలిలోతు దిగి వెనుకకు మరలినట్లయినది. నేనీ పుస్తకమును పట్టికలో చేర్చలేదు; వచనము నేటి పిల్లలకు కొఱుకుడుపడదు. అయినను ఆ వెనుకంజను గుర్తుంచుకొనుడు. దానికి తోబుట్టువు ఇంకొకటి ముందున్నది.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో తమ "వివేకవర్ధని" పత్రికయందు "రాజశేఖర చరిత్రము"ను ప్రకటింప మొదలిడిరి. 1880లో అది పుస్తకమైనది. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన "వికారు ఆఫ్ వేక్ఫీల్డు"ను తొలుత తెనిగింపబూని, అది మన వారికి పొసగదని తోచి, ఆ త్రోవను విడిచి స్వతంత్రముగా వ్రాసిరి. పంతులుగారు దీనిని వచనప్రబంధమనిరి; నవల యను మాట అప్పటికి లేదు. ఆ మాటను మనకిచ్చినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారందురు. చిత్రమేమనగా, ఈ గ్రంథమును తీవ్రముగా విమర్శించినవారును ఆ శాస్త్రిగారే. దానికి పేరు పెట్టిన చేతులే దానిని వాకిట నిలిపి సోదా చేసినవి.

కథ మీలో పలువురెరిగినదే. ధవళేశ్వరమున సుఖముగానుండిన రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగి, పెండ్లి వైభవములకు వ్యయపడి, బంగారము చేసిపెట్టెదనన్న బైరాగి చేత మోసపోయి, ఇల్లువాకిలి విడిచి కుటుంబముతో దారిపట్టును. ఊరి కొండను, గోదావరిని వర్ణించు తొలి పుటలు బరువుగా నుండును. మా మేనకోడలికి ఆ పుటలు దాటి చదువుమని వ్రాసితిని. పండితులు నన్ను మన్నింతురు గాక. బైరాగి వచ్చినది మొదలు పుస్తకము పరుగెత్తును. రసవాదపు మూసలో బంగారము కరగిపోవుట చదివి నవ్వుకొనువారు, ఈ నెలలోనే తమ చరవాణికి వచ్చిన సందేశమును నమ్మి రెట్టింపు సొమ్మునకు ఆశపడిన బంధువు నొకనిని తలంచుకొనక మానరు.

ఇందు నన్ను మిక్కిలి యాలోచింపజేసిన ఘట్టము వేరు. రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణి. ఆమె భర్త పరదేశమున మరణించెనని కబురు వచ్చును. ఇల్లంతయు ఏడ్చును. ఆనాటి వైధవ్యమున బాలిక యేమి యనుభవించునో పంతులుగారికంటె బాగుగా నెరిగినవారు లేరు. కాని కథలో ఆ కబురు అబద్ధమగును. భర్త సజీవుడై తిరిగి వచ్చును. సోనాబాయి గొప్పయింటి బిడ్డయైనట్లే రుక్మిణియు సుమంగళియే యయినది. చదువరికి ప్రాణము లేచివచ్చును, నిజమే. మఱి భర్తలు తిరిగిరాని రుక్మిణుల మాటయేమి? ఆ ప్రశ్నకు పంతులుగారు కథలో బదులు చెప్పలేదు. పుస్తకము వెలువడిన మరుసటి యేట, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున తమ చేతులమీదుగా మొదటి వితంతు వివాహము జరిపించిరి. వెలివేతలకు జంకక ఊరిలో చేయగలిగిన పనిని ఆయన కథలో చేయ వెనుదీసిరి. సాధారణముగా రచయితలు దీనికి విరుద్ధముగా నుందురు. పుటలలో వీరులు, పురములో పిరికివారు. ఈ పుస్తకమును ఆ తేదీతో కలిపి చదువుడని నేను మా మేనకోడలికి వ్రాసితిని. విడిగా చదివినచో సగమే చదివినట్లు.

దీని తరువాత ఆయన "చింతామణి"లో వ్రాసిన "సత్యరాజా పూర్వదేశ యాత్రలు" పట్టికలో రెండవది. స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రల ననుసరించినది. పూర్వాచారపరాయణుడగు సత్యరాజాచార్యులు ఆడుమళయాళ మను దేశము చేరును. అచట స్త్రీలు ఏలుదురు. మన దేశమున స్త్రీలకు విధించిన కట్టుబాట్లన్నియు అచట పురుషుల తలపై నుండును. గదిలో కూర్చుండబెట్టి ఉపన్యసించినను మారని మగవాడు ఈ పుస్తకము చదువునప్పుడు కుర్చీలో కొంచెము కదలును. రాజశేఖర చరిత్రమునకున్నంత పేరు దీనికి రాకపోవుట యన్యాయమని నా తలంపు.

స్త్రీల గూర్చి పురుషులు వ్రాసిన పుస్తకములే యెక్కువ. కావున పట్టికలో మూడవదానిగా నవల కాని యొక చిన్నకథను చేర్చితిని. బండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి", 1902లో వెలువడినది. ఆమె బడికి పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చెను. దీపావళికి ముందటి దినములలో, ఇంట చిల్లిగవ్వ లేని భర్త పనిచేయుచోటనుండి సొమ్ము దొంగిలించి తెచ్చును; భార్య దానిని ముట్టక, తిరిగి యిచ్చివేయుమని పట్టుపట్టును. చివర మేలు జరుగుట కొంచెము సులువుగా జరిగినది. అయినను పండుగనాడు పిల్లలకు క్రొత్తబట్టలు లేని యింటిలో ఆ సొమ్మును చూచిన యిల్లాలి మనస్సు ఎట్లుండునో ఒక యిల్లాలే వ్రాయుట చదువరికి వెంటనే తెలియును. ముప్పది యొకటవ యేట ఆమె మరణించెను. ఇంకను బ్రతికియుండినచో మన కథాచరిత్రము మరియొక విధముగా నుండెడిదేమో.

ఇక కాశీమజిలీ కథలు. బావగారి కట్టడకు ఇచటనే మొదటి చిక్కు.

మధిర సుబ్బన్నదీక్షితులుగారు 1868లో జన్మించి 1928లో గతించిరి. రాజమహేంద్రవరమున నివసించుచు పండ్రెండు భాగములుగా ఈ కథలు వ్రాసిరి. కాశికి కాలినడకను పోవు మణిసిద్ధునకు తోడు వచ్చుటకు ఒక గోపబాలకుడు ఒప్పుకొనును; ఒప్పందమేమనగా, ప్రతి మజిలీయందు తాను చూచిన వింతకు కారణము అడుగగా ఆయన కథగా చెప్పవలెను. చెప్పనిచో పిల్లవాడు అక్కడినుండి వెనుకకు మరలిపోవును. ప్రశ్న యడుగువాడు పశువులకాపరి, చెప్పవలసినవాడు విద్వాంసుడు; అలసట లేనివాడు మొదటివాడు. ఇరువదియేండ్లుగా తరగతిగదిలో నిలుచుచున్నవానిని గాన, నాకీ కట్టుబాటు ఎంతయు నచ్చును.

ఆనాటి సంస్కరణాభిమానులు ఇట్టి కథలను చులకనగా చూచిరి. అందు మంత్రములు, మాయలు, వేశ్యాగృహములు, పలువురు భార్యలుగల రాజకుమారులు నున్నారు. అది నిజము, వానిలోని స్త్రీ పాత్రలను ఇప్పటి పిల్లలు ప్రశ్నింపక విడువరు, విడువకూడదు. కాని ఒక సంగతి. గోదావరిమీద మొదటి రైలువంతెన 1900లో తెరువబడినది. కాలినడకను కాశికి పోవు కాలము అస్తమించుచుండగా, ఆ నడకను కథలో నిలుపుకొనవలెనని జనులకు తోచినట్లున్నది. ఇండ్లలో ఒకరు చదువగా పదిమంది వినిరి. అక్షరము రాని ముసలివారు సైతము ఏ మజిలీలో ఏ కథయో చెప్పగలిగిరి. 1951లో వచ్చిన "పాతాళభైరవి" చిత్రమునకు కథాబీజము ఇందుండియే తీసికొనిరి. నేటికిని ఆ చిత్రమును చూచువారున్నారు గాని మూలపుస్తకము అటకమీదనే యున్నది. మా మేనకోడలికి నేను చెప్పినది: పండ్రెండు భాగములు ఒక్కసారి మీద వేసికొనవద్దు, మొదటి భాగము తీసికొని రాత్రికొక మజిలీ చొప్పున తమ్మునికి బిగ్గరగా చదివి వినిపింపుము, వాడు మధ్యలో ప్రశ్నలడిగినచో కోపపడకుము.

చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నవలలలో "రామచంద్ర విజయము" 1894లో, "హేమలత" దాని వెనుకనే "చింతామణి" పత్రిక పోటీలలో బహుమానము లందినవి. న్యాపతి సుబ్బారావు పంతులుగారి ప్రోత్సాహమున జరిగిన ఆ పోటీలే లేకున్నచో తెలుగు నవల ఒంటిపిల్లగా మిగిలియుండెడిది. అయినను నేను ఎన్నుకొన్నది 1920 నాటి "గణపతి". అప్పటికి చిలకమర్తివారికి చూపు పోయినది. చెప్పుచుండగా మరియొకరు వ్రాసికొనవలెను. అట్టి వ్యక్తి ఇంత నవ్వించెను! పాపయ్య, అతని కొడుకు గంగాధరుడు, మనుమడు గణపతి, ఈ మూడు తరముల అప్రయోజకత్వమే కథ. గణపతి ఏ పనియు చేతకాక తుదకు వీధిబడి పెట్టి పంతులగును. ఈ భాగము మా యుపాధ్యాయుల గదిలో చదివి వినిపింపగా అందరును నవ్విరి; ఇద్దరు మాత్రము నవ్వు మధ్యలో ఆపి ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి.

అయితే ఈ నవల ఉత్త హాస్యమని తలంచి పిల్లల చేతికిచ్చువారు ఒక చోట తడబడుదురు. పెద్దల సమ్మతి లేకయే గణపతి యొక చిన్నపిల్లకు దొంగతనముగా తాళి కట్టు ఘట్టమది. అంతవరకు నవ్వుచు వచ్చిన మనము అచటను నవ్వుచుండగా, నవ్వు గొంతులో ముల్లువలె తగులుకొనును. ఆ పిల్ల యేమనుకొనెనో పుస్తకమున విస్తరముగా లేదు. చిలకమర్తివారు బాల్యవివాహమును ఉపన్యాసముతో ఖండింపలేదు. మనలను నవ్వించి, ఏ సంగతిని చూచి నవ్వితిమో మనకే చూపిరి. సంకలనములలో కొందరు "గణపతి"నుండి హాస్యఘట్టములనే ఏరి యిత్తురు. పూర్తిగా చదువుడు.

"మాలపల్లి" పేరు వ్రాయుటకు నాకు సంకోచము లేదు. గుంటూరున స్త్రీవిద్యకై శారదానికేతనము స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు సహాయనిరాకరణోద్యమమున కారాగారమున కేగి, వేలూరు చెఱలో 1922లో దీనిని వ్రాసిరి. మాలపల్లెలోని రామదాసు కుటుంబము కథకు నడిబొడ్డు. అప్పటివరకు మన నవలలలో ఆ పల్లె ఊరిబయటనే యుండెను; పాలేరుగా, దాసిగా ఎవడో యొకడు వచ్చి పోవుటయే గాని, వారి యింటిలో దీపము వెలిగించి మనలను లోపల కూర్చుండబెట్టినవారు లేరు. రామదాసు కొడుకు సంగదాసు కూలివారి హక్కులకై నిలిచి చౌదరయ్య చేతిదెబ్బకు కూలును. అతని యన్న వేంకటదాసు దోపిడి త్రోవ పట్టును. పుస్తకము వెలువడగానే మదరాసు ప్రభుత్వము నిషేధించినది. 1928లో ఆ నిషేధము తొలగినది. 1936లో మరల విధింపబడినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట మరల తొలగినది. ఒక నవలను పదునైదేండ్లలోపల రెండుసార్లు సంకెలవేసి రెండుసార్లు విడిచిరి.

దీనిని చదువుటలో నొక కష్టమున్నది; దాచను. నడుమ వేదాంతచర్చలు దీర్ఘముగా సాగును. నేను మొదటిసారి ఇరువదవ యేట చదివినప్పుడు అచట విసిగి పుస్తకము మూసితిని. తరువాత పదేండ్లకు, మా పాఠశాలలో ఏడవ తరగతి పిల్లవాడొకడు తన యూరి బావి గూర్చి వ్యాసము వ్రాసినప్పుడు మరల తెరచితిని. ఆ వ్యాసములో వాడు తన తల్లి ఏ గట్టున నిలువవలెనో వ్రాసినాడు. అది 2010వ సంవత్సరము దాటిన తరువాతి మాట. "మాలపల్లి" పాతదైనదని చెప్పవలెనన్న నాకు ఆ వ్యాసము అడ్డము వచ్చును.

ఇంతవరకు వ్రాసిన పేర్లలో బావగారు ఆక్షేపింపదగినది కాశీమజిలీ యొక్కటే. ఇప్పుడు అసలు తగవు.

ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మన దేశమున గ్రంథాలయములు ఊరూర వెలసినవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయము నెలకొన్నవి. 1935లో పెదవడ్లపూడినుండి పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు నింపి కాలువ వెంట గ్రామములకు పంపిరి. ఆ రేవులలో పుస్తకములు తీసికొన్న చేతులు పలువురివి. విజ్ఞానచంద్రికా మండలి, ఆంధ్రప్రచారిణీ గ్రంథమాల వంటి సంస్థలు నవలలను చందాదారులకు పంపుచుండెను. వంగభాషనుండి వచ్చినవి అందు మెండు. ఈ యేర్పాటంతయు పెద్దలు మెచ్చినది. దానికి ప్రక్కగా, పెద్దలు మెచ్చనిది మరియొకటి నడిచినది. అది రైలుస్టేషనులలోని పుస్తకముల కొట్టు. కొవ్వలి లక్ష్మీనరసింహరావుగారు వ్రాసిన చిన్న నవలలు స్వల్పమైన వెలకు అచట దొరికెడివి. ఆయన వేయి నవలల రచయితగా ప్రసిద్ధుడు. కుటుంబకథలు, స్త్రీల కష్టములు, చెప్పరాని రహస్యములు. సన్నని పుస్తకము, రెండు స్టేషనుల నడుమ సగము చదువవచ్చును. "ఇవి చదివిన ఆడుది కాపురము చేయదు" అని పెద్దలనిరి.

మా యమ్మమ్మ చదివినది. ఆమె మూడవ తరగతితో బడి మానినది, పెండ్లియైనది గనుక. తాతగారు కరణము, ఇంట భారతమును, భాగవతమును పట్టుబట్టలో చుట్టి పెట్టెడివారు గాని ఆమెను చదువుమని యెవరును చెప్పలేదు. కొవ్వలివారి పుస్తకములను మేనమామగారు రైలుస్టేషనునుండి తెచ్చి యిత్తురు. ఆమె వానిని వడ్లగాదె వెనుక దాచి, మధ్యాహ్నము మగవారు నిద్రించు వేళ చదివెడిది. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు వచ్చి వినెడివారు. మూడవ తరగతితో ఆగిన చదువు ఆ గాదె వెనుకనే సాగినది. అటుపిమ్మట ఆమె భారతమును గూడ తానే విప్పి చదివికొన్నదని మా తల్లి చెప్పును.

ఆమె పోయిన తరువాత ఆ పుస్తకముల కట్ట మా యింటికి వచ్చినది. నేనప్పుడు క్రొత్తగా ఉద్యోగమున చేరి పాఠశాల గ్రంథాలయమునకు బాధ్యుడనై యుంటిని. పిల్లలకు పనికివచ్చునేమో యని మా తల్లి ఆ కట్టను నాకిచ్చెను. సంస్కృతమున కాదంబరిని, ఇంగ్లీషున డికెన్సును చదివిన గర్వముతో నేను నాలుగు పుటలు త్రిప్పి, చౌకబారు సరుకని తలంచి, పాతకాగితములవానికి తూకమునకు అమ్మితిని. సుమారు నలుబది పుస్తకములు. వచ్చిన సొమ్ముతో రెండు సుద్దముక్కల పెట్టెలు కొన్నట్లు జ్ఞాపకము.

ఒకటి మాత్రము బీరువా వెనుక పడి మిగిలినది. ఐదేండ్ల తరువాత బీరువా జరుపగా దొరికినది. ముఖపత్రము చిరిగినందున పేరు తెలియదు. లోపలి అట్టమీద పెన్సిలుతో పాలపద్దు వ్రాసియున్నది. దాని క్రింద, వంకర యక్షరములతో, "ఇది రెండోసారి చదివినాను. ఆ పిల్లది తప్పు లేదు" అని యున్నది. కథలో ఇంటినుండి వెడలగొట్టబడిన కోడలిని గూర్చిన మాట అది. రచయిత ఆమెకు చివర శిక్ష విధించియున్నాడు. మా యమ్మమ్మ ఆ తీర్పును కొట్టివేసినది.

పుస్తకము చెప్పినదానికి తల యూపుటయే చదువని తలంచి, స్త్రీలు చెడు కథలవలన చెడుదురని మనము భయపడితిమి. మూడవ తరగతి చదివిన యిల్లాలు, చౌకపుస్తకము చదివి, ఆ పుస్తకముతోనే వాదించినది. మిగిలిన ముప్పదితొమ్మిది పుస్తకముల అట్టలమీద ఇంకేమి వ్రాసియుండెనో. వానిని నేనే కాగితపుగుజ్జు చేయించితిని. వీరేశలింగముగారి నవలను తప్పుపట్టిన పండితునిని, మాలపల్లిని నిషేధించిన దొరలను ఇకమీదట నేను పెద్దగొంతుతో నిందింపజాలను.

అందుచేత పట్టికలో కొవ్వలివారి నవల, ఏది దొరికిన అది, అని వ్రాసితిని. ఇవి గొప్ప రచనలని చెప్పను. పాత్రలు ఒకే మూసలో పోసినట్లుండును, కాకతాళీయములు విస్తారము. కాని సంస్కర్తల నవలలు స్త్రీ చదువుకొనవలెనని చెప్పుచుండగా, చదువుట యలవాటు చేసినవి ఇవి. రెండింటిని ఒకే యరలో పెట్టవలెనని నా కోరిక.

మిగిలినవి త్వరగా చెప్పెదను. 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు నవలల పోటీ బహుమానమును విశ్వనాథ సత్యనారాయణగారి "వేయిపడగలు"నకు, అడవి బాపిరాజుగారి "నారాయణరావు"నకు పంచి యిచ్చినది. రెండింటిని చేర్చితిని. "వేయిపడగలు" మన సంస్కరణముల నన్నిటిని శంకించు పుస్తకము. అందువలననే సంస్కరణాభిమానుల యిండ్లలో నుండవలెను. దానితో పోట్లాడుచు చదువుట మేలు. పి. వి. నరసింహారావుగారు దానిని "సహస్రఫణ్" అను పేర హిందీలోనికి తెచ్చిరి. తెలుగు నెమ్మదిగా చదువు పిల్లలకు ఆ దారియు కలదు. "నారాయణరావు" సుకుమారము, ఒకటి రెండు చోట్ల అతిసుకుమారము.

పుస్తకములు దొరకుట పూర్వమంత కష్టము కాదు. కాలదోషము పట్టిన గ్రంథములు కొన్ని వికీసోర్సునందు అక్షరరూపమున, మరికొన్ని ఇంటర్నెట్ ఆర్కైవునందు పాతప్రతుల ఛాయాచిత్రములుగా నున్నవి, చరవాణిమీదనే చదువవచ్చును. అయితే వీలైనచో ఒక్క పాతప్రతినైనను చేత పట్టుకొనుడు. మీ తాతమ్మగారి అటకమీద కట్ట యున్నచో, తూకమునకు అమ్మకముందు లోపలి అట్టలు చూడుడు.

పట్టిక ముగించునప్పటికి తొమ్మిది పేర్లే యైనవి. తొమ్మిదింటిని వ్రాసి, నా దగ్గరనున్న నాలుగు పుస్తకములతో కూడ మేనకోడలికి పంపితిని. వారమునకు ఆమెనుండి ఫోను వచ్చినది. రాజశేఖర చరిత్రము ముగించెనట. "భర్త చనిపోయాడని కబురు వచ్చిన రాత్రి రుక్మిణి ఏమనుకుందో పంతులుగారు ఎందుకు రాయలేదు మామయ్యా?" అని యడిగెను. నీవే వ్రాసి చూపుమని చెప్పితిని; ఇంకను రాలేదు. "గణపతి" యెంతవరకు వచ్చినదని యడుగగా, అది తన చేతికి ఇంకను రానేలేదనియు, నాన్నగారు పడకగదిలో పెట్టుకొని రాత్రులయందు ఒంటరిగా నవ్వుకొనుచున్నారనియు చెప్పెను.